పెద్ద కత్తికి ఏ ఉక్కు? ఆటోనగర్ కమాను పట్టీ నుంచి బోండాల కత్తి దాకా

పెద్ద కత్తి రెండు రకాలుగా చెడుతుంది. వాదర మడతపడుతుంది, లేదా పెచ్చు ఊడుతుంది. మడతపడితే ఆకురాయితో నాలుగు లాగులు లాగి, సాన పట్టి మళ్లీ పనిలోకి దిగవచ్చు. పెచ్చు ఊడితే ఆ ముక్క కొట్టేవాడి కంటికో, ఎదురుగా బోండాం కోసం నిలబడ్డవాడి చెంపకో తగలవచ్చు. ఇంకా ఘోరం, అలుగు నడిమికి విరగడం. అందుకే పెద్ద కత్తికి ఉక్కు ఎంచేటప్పుడు పొరపాటు జరిగితే అది మెత్తదనం వైపే జరగాలి. వంటింటి చాకుకు గట్టిదనం ముందు, మిగతావన్నీ వెనక. పెద్ద కత్తికి దెబ్బను ఓర్చుకునే గుణం ముందు, గట్టిదనం తర్వాత. కింద రాసినదంతా ఈ ఒక్క మాటకు లోబడే ఉంటుంది.

ఇక్కడ పెద్ద కత్తి అంటే 9 నుంచి 14 అంగుళాల అలుగు ఉండి, కోయడం కంటే ఎక్కువగా దెబ్బ వేసి నరికే కత్తి. కత్తిపీట, కూరగాయల చాకు ఈ లెక్కలోకి రావు.

ముందు పని తేల్చుకోండి

"మంచి ఉక్కు ఏది?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. దేన్ని నరకాలో చెబితే జవాబు దొరుకుతుంది.

బోండాల కత్తి తడి పీచును పలచటి పొరలుగా చెక్కాలి, చివర్లో కాయ మూతిని ఒక్క దెబ్బతో తీయాలి. అంటే వాదర సన్నగా ఉండాలి, వెన్ను బరువుగా ఉండాలి. వెన్ను దగ్గర 5 మి.మీ. మందం, గట్టిదనం రాక్‌వెల్ సి కొలతలో 54 నుంచి 56. మాంసం కొట్టే కత్తికీ అదే గట్టిదనం సరిపోతుంది. కాకపోతే అది చింత మొద్దు మీద ఎముకతో సహా కొట్టాలి కాబట్టి వాదర వెనక మందం ఎక్కువ ఉంచాలి. కృష్ణా లంకల్లో అరటి గెలలు దింపే కత్తి, చెరకు కొట్టే కత్తి తేలికైన పనివి. వెన్ను 3 మి.మీ. చాలు, 56 నుంచి 58 దాకా వెళ్లవచ్చు. గుంటూరు వైపు చేలగట్ల మీద సర్కారు తుమ్మ కంప కొట్టే కత్తి అన్నిటికన్నా మొరటు పని చేస్తుంది. ఎండిన తుమ్మ కొమ్మ కత్తిని పక్కకు మెలిపెడుతుంది, దెబ్బ తప్పితే రాయి తగులుతుంది. దానికి 52 నుంచి 54 మించనివ్వకూడదు.

ఈ అంకెలు చేతికి తెలియాలంటే ఒక పోలిక. కొత్త ఆకురాయి 62కు పైనే ఉంటుంది. లారీ కింద పనిచేస్తున్న కమాను పట్టీ (లీఫ్ స్ప్రింగు ఆకు) 40 నుంచి 48 మధ్య ఉంటుంది. ఇక్కడే పెద్ద అపోహ ఒకటి ఉంది. కమాను పట్టీ తెచ్చి, కొలిమి ఎక్కించకుండా గ్రైండర్‌తో ఆకారం తీసి వాదర పెడితే కత్తి అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా చేసిన కత్తి విరగదు, నిజమే. కంప కొట్టడానికి పనికొస్తుంది కూడా. కానీ బోండాలకు పెడితే పూట తిరక్కుండానే మొద్దుబారుతుంది. కమానుకు కావలసింది సాగి మళ్లీ తన ఆకారానికి రావడం, కత్తి వాదరకు కావలసింది నిలవడం. ఉక్కు అదే అయినా కాక, అంటే కాల్చి ముంచి గట్టిదనం కుదిర్చే తీరు, మార్చాలి.

కార్బన్ అంకె

ఇనుములో కార్బన్ ఎంత ఉందన్నదే ఉక్కు ఎంత గట్టిపడగలదో నిర్ణయిస్తుంది. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పట్టీల్లో ఇది 0.15 నుంచి 0.25 శాతం. ఎంత కాల్చి ముంచినా కత్తికి తగ్గ గట్టిదనం రాదు. 0.4 దగ్గర కాస్త గట్టిపడుతుంది గానీ వాదర నిలవదు. 0.5 నుంచి 0.65 మధ్య పెద్ద కత్తికి సరైన చోటు. 0.7 నుంచి 0.85 దాకా సన్నటి కత్తులకు బాగుంటుంది. 1 శాతం దాటితే అరుగుదల తగ్గుతుంది, కానీ దెబ్బ ఓర్చుకునే శక్తీ పడిపోతుంది.

మిగతా మూలకాల్లో మూడింటిని గుర్తుపెట్టుకోండి. క్రోమియం ఒక శాతం లోపు ఉంటే మందమైన అలుగు కూడా నూనెలో లోపలి దాకా గట్టిపడుతుంది. సిలికాన్ స్ప్రింగు గుణం ఇస్తుంది, టెంపరింగ్‌లో, అంటే గట్టిపరచిన ఉక్కును పెళుసు తగ్గేలా మళ్లీ తక్కువ వేడిలో కాచేటప్పుడు, ఉక్కు తొందరగా మెత్తబడకుండా ఆపుతుంది. కాకపోతే కొలిమిలో ఎక్కువసేపు ఉంటే పైపొరలో కార్బన్ కాలిపోతుంది. వెనేడియం కొద్దిగా ఉన్నా లోపలి రవ్వ (ఉక్కు పలుకు) సన్నగా ఉంటుంది, వేడి కాస్త ఎక్కువైనా తట్టుకుంటుంది.

బజారులో దొరికే రకాలు, వాటి మీద తీర్పు

ఎస్‌యుపి 9. కార్బన్ 0.52 నుంచి 0.60, మాంగనీసు, క్రోమియం కలిసిన కమాను ఉక్కు. అమెరికా లెక్కలో 5160 అనేది దీనికి దగ్గరి చుట్టం. మొదటిసారి పెద్ద కత్తి చేసేవారికి ఇదే మా మొదటి మాట. నూనెలో గట్టిపడుతుంది, వేడిలో చిన్న పొరపాటును మన్నిస్తుంది, కమ్మరి కొలిమిలోనూ చక్కగా లొంగుతుంది.

ఇఎన్ 45. కార్బన్ సుమారు 0.6, సిలికాన్ దాదాపు 2 శాతం. పాత లారీల కట్టల్లో తరచు తగులుతుంది. ఓర్పులో గొప్పది, కంప కత్తికి దీన్ని మించింది వెతకనక్కర్లేదు. కాకపోతే గట్టిపరచడానికి ఎస్‌యుపి 9 కంటే ఎక్కువ వేడి కావాలి. ఆ సంగతి తెలియక అదే వేడిలో ముంచి, "ఈ పట్టీ మంచిది కాదు" అని పారేసేవాళ్లున్నారు.

ఇఎన్ 47. క్రోమియం, వెనేడియం ఉన్న స్ప్రింగు ఉక్కు, కార్బన్ 0.45 నుంచి 0.55. కొత్తది సర్టిఫికెట్‌తో దొరికితే మాంసం కత్తికి కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

ఇఎన్ 9. కార్బన్ 0.5 నుంచి 0.6 ఉన్న సాదా ఉక్కు. క్రోమియం లేదు కాబట్టి 6 మి.మీ. మందంలో మామూలు నూనె దాన్ని లోపలి దాకా గట్టిపరచలేకపోవచ్చు. పెద్ద కత్తికి అదొక లోపం కాదు. వాదర సన్నగా ఉంటుంది కాబట్టి గట్టిపడుతుంది, వెన్ను మెత్తగా మిగులుతుంది. ఇఎన్ 8 మాత్రం వద్దు. రెండూ కొట్లో పక్కపక్కనే ఉంటాయి, కార్బన్ తేడా 0.15 శాతమే, కానీ ఆ కాస్తలోనే వాదర ఉందా లేదా అన్నది తేలిపోతుంది.

ఇఎన్ 42జె, అంటే 0.75 చుట్టుపక్కల కార్బన్ ఉన్న పట్టీ, అరటి, చెరకు కత్తులకు బాగుంటుంది.

ఇఎన్ 31 బేరింగు ఉక్కు, డి2 డై ఉక్కు అనగానే చాలామందికి నోరూరుతుంది. మొదటిదాంట్లో కార్బన్ 1 శాతం, రెండోదాంట్లో 1.5 శాతం, పైగా 12 శాతం క్రోమియం. చిన్న చాకులకు ఇవి మేలైన ఉక్కులే. 12 అంగుళాల నరికే కత్తికి ఇవి సరిపోవు. వీటిని సరైన వేడిలో నిమిషాల తరబడి నిలకడగా ఉంచాలి, డి2కైతే 1,000 డిగ్రీలకు పైన ఉంచాలి. తుమ్మ బొగ్గుల కొలిమిలో కంటి అంచనాతో అది కుదరదు. కుదిరినా ఎముక మీద పెచ్చు ఊడే భయం పోదు.

స్టీలు గిన్నెలు చేసే 304, 202 రకాలు కాక పెట్టి ముంచితే గట్టిపడవు. తుప్పు పట్టదన్న ఒక్క కారణంతో ఆ పట్టీతో కత్తి చేయించుకుంటే అది మెరుస్తుంది, అంతే. చేపల పనికి తుప్పు పట్టనిదే కావాలంటే 420 రకంలో కార్బన్ 0.3 పైన ఉన్నదాన్ని అడగాలి. దాని కాక కూడా ఫర్నేసు ఉన్న హీట్ ట్రీట్‌మెంట్ షాపులో పెట్టించాలి.

కొత్త పట్టీయా, పాత ఇనుమా

వీలుంటే కొత్తదే కొనండి. ఉక్కు కొట్లో గ్రేడు పేరుతో పాటు ఆ హీటు నంబరుకు (ఒక విడతలో కరిగించిన ఉక్కుకు మిల్లు ఇచ్చే నంబరు) మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ నకలు అడగాలి. సర్టిఫికెట్ మీది హీటు నంబరు పట్టీ మీద కొట్టిన నంబరుతో కలవాలి. ఒక కత్తికి ఉక్కు ఎంత కావాలో లెక్క సులువు. పొడవు, వెడల్పు, సగటు మందం సెంటీమీటర్లలో గుణించి 7.85తో హెచ్చిస్తే గ్రాముల బరువు వస్తుంది. 28 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు, సగటున 0.35 సెం.మీ. మందం ఉన్న బోండాల కత్తి అలుగు దాదాపు 460 గ్రాములు. పిడిలోకి వెళ్లే తోకకు 100 గ్రాములు. కొలిమిలో పొట్టు రాలేది, గ్రైండింగులో పోయేది కలిపి మూడో వంతు అదనం వేసుకుంటే దాదాపు 750 గ్రాములు. పరీక్ష ముక్కలు నాలుగింటికి మరో 600. అంటే కిలోన్నర లోపే. ఇంత తక్కువ ఉక్కుకు కొత్తదాని ధర భారం కాదు. పాతదాన్ని పరీక్షించడానికి పెట్టే శ్రమే ఎక్కువ.

అయినా విజయవాడ ఆటోనగర్‌లో కమాన్లు మార్చే షెడ్ల దగ్గర పాత పట్టీలు గుట్టలుగా కనబడుతుంటే చెయ్యి ఆగదు. తీసుకోండి, కానీ ఇవి చూసి తీసుకోండి.

లారీ పట్టీ పది మి.మీ. దాటి మందంగా ఉంటుంది. సుత్తి పని చేసే కమ్మరి ఉంటేనే దాన్ని ముట్టుకోవాలి. గ్రైండర్ మీదే ఆధారపడేవారు చిన్న వ్యాన్ల పట్టీ, 6 నుంచి 8 మి.మీ. ఉన్నది ఎంచాలి. ఒకే కట్టలో ఉన్న పట్టీలన్నీ ఒకే ఉక్కు అని నమ్మవద్దు. మధ్యలో విరిగిన పట్టీని మార్చినప్పుడు ఏ కంపెనీది దొరికితే అది వేస్తారు. ప్రతి పట్టీనీ వేరేగా పరీక్షించాలి, వేరేగా గుర్తు పెట్టాలి. సెంటర్ బోల్టు రంధ్రానికి రెండు పక్కలా 5 సెం.మీ. వదిలేయండి, ఏళ్ల తరబడి బరువు మోసి అలసిన ఉక్కు మొదట బీటలిచ్చేది అక్కడే. క్లిప్పులు ఒరుసుకున్న చోటూ అంతే. గ్యాస్ కటింగ్‌తో కోసిన అంచు ఉంటే అక్కడి నుంచి 6 మి.మీ. లోపలికి తీసేయాలి.

రైలు పట్టా ముక్క, రైల్వే క్లిప్పు ఎవరైనా చవగ్గా ఇస్తామంటే దండం పెట్టి పంపేయండి. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 చట్టం ప్రకారం నేరం. అంత సాహసం చేసినంత గొప్ప ఉక్కు కూడా కాదది.

పాత ఇనుము కొట్లో దొరికే మిగతా సరుకు గురించి క్లుప్తంగా. లారీ గేర్లు, పిన్నులు చాలావరకు పైపొర మాత్రమే గట్టిగా ఉండి లోపల మెత్తగా ఉండే ఉక్కు. ఆకురాయి పైన జారగానే మోసపోతారు. పెద్ద టేపరు బేరింగుల్లోనూ కొన్ని అలాంటివే. రోటవేటర్ బ్లేళ్లు కొన్ని స్ప్రింగు ఉక్కు, కొన్ని 0.3 కార్బన్ చుట్టుపక్కల ఉండే బోరాన్ ఉక్కు, చూపుతో తేడా తెలియదు. టిఎంటి కడ్డీ అసలే వద్దు. జింకు పూత ఉన్న ఏ ఇనుమునూ కొలిమిలో పెట్టవద్దు, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

చట్టం గురించి ఒక ముక్క. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నిబంధనల్లో 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న అలుగులను ఆయుధాల జాబితాలో చేర్చారు. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. బోండాల కత్తి, మాంసం కత్తి, గెలల కత్తి వాటి పనికి తగ్గ ఆకారంలోనే ఉండాలి. రెండంచుల కత్తి, మొన తేలిన బాకు లాంటి ఆకారాల జోలికి పోవద్దు.

బీటల పరీక్ష

పట్టీని వైరు బ్రష్షుతో తుప్పు పోయేలా రుద్ది, సర్ఫు నీళ్లతో గ్రీజు కడిగి ఆరబెట్టండి. కిరోసిన్ రాసి పదిహేను నిమిషాలు వదలండి. పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, సుద్దముక్క పొడిని పలచగా రుద్దండి. సుత్తితో పట్టీ వెనక నాలుగు దెబ్బలు తట్టండి. బీట ఉంటే లోపల దాగిన కిరోసిన్ పైకి ఊరి సుద్దలో సన్నటి తడి గీత కనబడుతుంది. వెల్డింగ్ సామాను కొట్లలో అమ్మే ఎరుపు, తెలుపు రెండు స్ప్రేల సెట్టు ఇదే పనిని ఇంకా నమ్మకంగా చేస్తుంది. గీత కనబడ్డ ముక్కను పారేయండి. కొలిమిలో సుత్తి దెబ్బలకు ఆ బీట అతుక్కుంటుందన్న మాట నమ్మకండి. లోపల పొట్టు పట్టిన బీట అతకదు, ముంచినప్పుడు ఇంకా తెరుచుకుంటుంది.

నిప్పురవ్వల పరీక్ష

నాలుగంగుళాల గ్రైండర్, వెనక నల్లటి నేపథ్యం, నీడ పట్టు చాలు. మూడు తెలిసిన ముక్కలు పక్కన పెట్టుకోండి: ఎంఎస్ కడ్డీ, పాత ఆకురాయి, మంచిదని తేలిన కమాను ముక్క. ఒకే ఒత్తిడితో ఒక్కోదాన్నీ తాకించి చూడండి. ఎంఎస్ రవ్వ పొడుగ్గా, నారులా సాగి చివర్లో ఒకటి రెండు చీలికలతో ఆరిపోతుంది. ఆకురాయి రవ్వ చక్రం దగ్గరే తెల్లగా, దట్టంగా, కాకరపువ్వొత్తిలా పేలుతుంది. కమాను ఉక్కు ఈ రెంటికీ మధ్య ఉంటుంది. రవ్వలు మందంగా ముదురు ఎరుపులో, పేలకుండా రాలుతుంటే అది హైస్పీడ్ ఉక్కు లాంటిది. మన పనికి రాదు.

ఈ పరీక్ష కార్బన్ తక్కువా ఎక్కువా అన్నదే చెబుతుంది, గ్రేడు పేరు చెప్పదు. రవ్వలు చూసి "ఇది ఇఎన్ 45" అని తేల్చేవాళ్ల మాట మీద కత్తి చేయవద్దు. మెటీరియల్ టెస్టింగ్ ల్యాబులో స్పెక్ట్రో టెస్టు చేయిస్తే మూలకాల శాతాలన్నీ కాగితం మీద వస్తాయి. ఒకే పట్టీలోంచి నాలుగైదు కత్తులు చేసేటట్టయితే ఆ ఖర్చు దండగ కాదు.

ముక్క పరీక్ష: దీన్ని దాటవేయకండి

పాత ఉక్కుతో చేసేవారికి ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. 15 సెం.మీ. పొడవు, 2.5 సెం.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న ముక్కలు నాలుగు కోయండి. కోసేటప్పుడు నీలం రంగు ఎక్కనివ్వకుండా నీళ్లు పోస్తూ ఉండండి. ఒకటి, రెండు, మూడు అని పంచుతో గుర్తు కొట్టండి. నాలుగోది తర్వాతకు.

వేరుశెనగ నూనె 8 లీటర్లు మూత ఉన్న ఇనప డబ్బాలో పోసి 50 నుంచి 60 డిగ్రీలకు వేడి చేయండి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది. మే నెల బెజవాడలో ఆ వేడి సగం ఎండే ఇస్తుంది. ప్లాస్టిక్ డబ్బా, పక్కన నీళ్ల బకెట్టు రెండూ వద్దు. మంట లేస్తే మూత వేయడమే మందు. వాడేసిన ఇంజను ఆయిలు పొగ ఊపిరితిత్తులకు చేటు, దాన్ని వాడవద్దు.

పని సాయంత్రమో, షెడ్డు నీడలోనో చేయండి. మిట్టమధ్యాహ్నం ఆరుబయట 850 డిగ్రీల ఉక్కు కూడా మసకగా కనబడుతుంది. రంగు చాల్లేదనుకుని ఇంకా కాల్చి ఉక్కును పాడుచేస్తారు. కొలిమి పక్కన అయస్కాంతం ఒకటి తీగకు వేలాడదీయండి. ఉక్కు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది పండుమిరప ఎరుపు దశ.

మొదటి ముక్కను అయస్కాంతం వదలగానే నూనెలో ముంచండి. రెండోదాన్ని అక్కడి నుంచి మరో మెట్టు పైకి, ఎరుపులో నారింజ ఛాయ మొదలయ్యేదాకా తీసుకెళ్లి రెండు నిమిషాలు నిలిపి ముంచండి. మూడోదాన్ని బాగా నారింజకు తెచ్చి ముంచండి. ముంచేటప్పుడు పక్కలకు ఊపకుండా కిందకీ పైకీ కదపాలి, పక్కలకు ఊపితే వంకరపోతుంది.

చల్లారాక మూడింటి పైపొరనూ అర మి.మీ. గ్రైండ్ చేయండి. పైపొరలో కార్బన్ కాలిపోయి ఉంటుంది. దాని మీద ఆకురాయి పెడితే మెత్తగా తగులుతుంది, మంచి ఉక్కును చెడ్డదని తప్పుగా తీర్పు చెబుతారు. తర్వాత ఆకురాయి లాగండి. గాజు మీద జారినట్టు జారితే గట్టిపడింది. కరిస్తే గట్టిపడలేదు. ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని, ముక్కను గుడ్డలో చుట్టి, వైసులో బిగించి సుత్తితో విరగ్గొట్టండి. విరిగిన ముఖం చూడండి. పింగాణీ కప్పు విరిగిన చోటులా బూడిదరంగులో నునుపుగా ఉంటే అదే సరైన వేడి. పంచదార పలుకుల్లా మెరిసే రవ్వ కనబడితే వేడి ఎక్కువైంది. విరక్కుండా వంగిపోతే గట్టిపడలేదు.

ఎస్‌యుపి 9 అయితే సాధారణంగా రెండో ముక్క నునుపుగా వస్తుంది. రెండోది ఇంకా మెత్తగా ఉండి మూడోది గట్టిపడి నునుపుగా వస్తే మీ చేతిలో ఉన్నది సిలికాన్ ఉక్కు కావచ్చు. మూడూ వంగితే అది కత్తి ఉక్కు కాదు, తూకానికి వేసేయండి. నీళ్లలో ముంచి చూద్దామనిపిస్తుంది. నీళ్లలోనే గట్టిపడే ఉక్కు దొరికినా పెద్ద అలుగును నీళ్లలో ముంచడం బీటలను పిలవడమే. పల్లె కొలుముల్లో వాదరను మాత్రం వేలెడు మేర తడిపి, వెన్నులోని వేడితోనే పదును దించే పాత పద్ధతి ఉంది. అది చేతివాటం, ఏళ్ల సాధనతో వచ్చేది. కొత్తవారు నూనెతోనే మొదలుపెట్టాలి.

నాలుగో ముక్కను తేలిన వేడిలో గట్టిపరచి, టెంపర్ చేసి, 18 డిగ్రీల చొప్పున రెండు వైపులా వాదర పెట్టండి. మూడంగుళాల ఎంఎస్ మేకును మొద్దు మీద పడుకోబెట్టి దీన్ని దాని మీద ఉంచి సుత్తితో కొట్టండి. మేకు తెగాలి, వాదర మీద గీత మించి ఏమీ పడకూడదు. పెచ్చు పోతే టెంపరింగ్ 15 డిగ్రీలు పెంచండి. వాదర నొక్కుకుపోతే 15 తగ్గించండి. ఇక్కడ ముక్క మీద దిద్దుకునే తప్పు, కత్తి మీద దిద్దుకోవాలంటే రెండు రోజుల పని.

ఎంచిన ఉక్కుకు తగ్గ కాక

సుత్తి పని అయ్యాక, గట్టిపరచే ముందు, అలుగును మూడుసార్లు కాల్చి గాలికి చల్లారబెట్టాలి. మొదటిసారి 870, తర్వాత 840, చివరకు 800 డిగ్రీలు. సుత్తి పనిలో పెరిగిన రవ్వ దీంతో సన్నబడుతుంది. దీన్ని వదిలేసిన కత్తి పైకి బాగానే కనబడి ఎముక మీద విరుగుతుంది. వాదరను ఈ దశలో ఒకటిన్నర మి.మీ. మందంగా వదలండి. ముందే సన్నం చేస్తే నూనెలో అలలు తిరుగుతుంది.

ఎస్‌యుపి 9ను 815 నుంచి 840 మధ్య నూనెలో ముంచి, 230 నుంచి 260 మధ్య టెంపర్ చేయాలి. ఇఎన్ 47కు ముంచే వేడి 850 చుట్టూ, టెంపరింగ్ అదే. ఇఎన్ 45ను 870 నుంచి 900 మధ్య ముంచి, 290 నుంచి 310 దాకా టెంపర్ చేయవచ్చు, సిలికాన్ దాన్ని పట్టి ఉంచుతుంది. ఎస్‌యుపి 9, ఇఎన్ 47లను మాత్రం 270 నుంచి 370 మధ్య టెంపర్ చేయవద్దు. ఆ మధ్యలో గట్టిదనం తగ్గినా ఓర్పు పెరగదు, ఒక్కోసారి ఇంకా పెళుసవుతుంది. మెత్తగా చేస్తున్నాం కదా, ఇంకో ముప్పై డిగ్రీలు పెంచితే ఇంకా భద్రం అనుకునేవారు పడే గొయ్యి ఇది.

నూనెలోంచి తీసిన అలుగు చెయ్యి పట్టగలిగేంత చల్లారగానే టెంపరింగ్‌కు వెళ్లాలి. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి బీట కనబడవచ్చు. ఇంట్లో కేకుల ఓవెన్ 250 దాకా వెళ్తుంది. దాని మీటను నమ్మక లోపల వేరే థర్మామీటరు పెట్టండి. రెండు గంటల చొప్పున రెండుసార్లు. ఇఎన్ 45కు ఆ ఓవెన్ వేడి చాలదు కాబట్టి హీట్ ట్రీట్‌మెంట్ షాపుకే ఇవ్వడం మేలు. ఇచ్చేటప్పుడు "గట్టిగా పెట్టండి" అనకుండా గ్రేడు, కావలసిన గట్టిదనం రాసి ఇవ్వండి, తిరిగి తీసుకునేటప్పుడు రాక్‌వెల్ రీడింగు అడగండి. రంగు చూసి టెంపర్ చేసేవారికి గడ్డి పసుపు 225 దగ్గర, గోధుమ 250 దగ్గర, ఊదా 280 దగ్గర, నీలం 300 దగ్గర వస్తాయి. ఇవి నిమిషాల లెక్క రంగులు. ఓవెన్‌లో గంటలు ఉంచితే అదే వేడికి రంగు ముదిరి కనబడుతుంది.

కత్తి అయ్యాక తేడా వస్తే

వారం వాడాక వాదర ఒక వైపే మడుస్తుంటే ఉక్కును తిట్టే ముందు అర మి.మీ. సాన పట్టి చూడండి. పైపొరలో కార్బన్ కాలిపోయిన పొర మిగిలి ఉండవచ్చు, కింద మంచి ఉక్కు తగులుతుంది. అప్పటికీ మడిస్తే గట్టిపరచే వేడి చాల్లేదు. సన్నటి నెలవంక పెచ్చులు ఊడుతుంటే మళ్లీ ఒకసారి 15 డిగ్రీలు ఎక్కువగా టెంపర్ చేయండి. ఎస్‌యుపి 9, ఇఎన్ 47లను 260 దాటనివ్వకండి. అప్పటికే 260లో ఉంటే వాదర కోణాన్ని రెండు డిగ్రీలు లావు చేయండి. సాన చక్రం మీద నీలం రంగు ఎక్కిన చోట మాత్రమే మొద్దుబారుతుంటే అది సాన పట్టినవాడి తప్పు. ఆ నీలం మేర తీసేయాల్సిందే.

పిడి మొదట్లో విరిగితే విరిగిన ముఖాన్ని చూడండి. తోక అలుగులో కలిసే మూల చదరంగా కోసి ఉంటే దెబ్బ బలమంతా ఆ మూలలోనే పేరుకుంటుంది. అక్కడ కనీసం 3 మి.మీ. గుండ్రం ఇవ్వాలి. తోకను నూనెలో ముంచకుండా, లేదా తర్వాత టార్చితో నీలం వచ్చేదాకా కాల్చి, మెత్తగా ఉంచాలి. అలా కాల్చేటప్పుడు వాదర వైపు సగాన్ని నీళ్లలో ఉంచండి, లేకపోతే అప్పటిదాకా పడ్డ శ్రమంతా ఆ వేడికి దిగిపోతుంది.

మిగిలిన పట్టీ ముక్క మీద, ముంచిన వేడీ టెంపరింగ్ వేడీ రాసిన చీటీని తీగతో కట్టి, నూనె రాసి దాచండి. అదే పట్టీతో రెండో కత్తి చేసేటప్పుడు ముక్క పరీక్షలో మూడు ముక్కలు ఆదా.